పుట్టని ధరకు ప్రమాణమేది?

ఇంకా బయటికి రాని వస్తువును గురించి ఇప్పుడే "తెలుసు" అని చెప్పడానికి వీలుందా, ఉంటే ఆ తెలివిడి ఏ ప్రమాణం వల్ల కలుగుతుంది, లేకపోతే దాన్ని నమ్మి నడుచుకునే మనిషి అసలు దేన్ని నమ్ముతున్నట్టు అన్న ప్రశ్నలు భారతీయ తర్కశాస్త్రానికి కొత్తవి కావు. ఈ కాలంలో ఆ పాత ప్రశ్నలకు దొరికిన నిశితమైన పరీక్షాస్థలాల్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డుల మార్కెట్టు ఒకటి. గ్రాఫిక్స్ కార్డు అంటే తెరమీది బొమ్మలో ప్రతి చుక్కకూ రంగెంతో వెలుగెంతో తేల్చే లెక్కలను వేల సంఖ్యలో ఒకేసారి చేసే చిప్పు, దాని కోసమే ప్రత్యేకంగా అమర్చిన మెమరీ, వేడిని లాగేసే లోహపు రెక్కలు, ఫ్యాన్లు కలిసిన పలక. వీడియో ఆటల కోసం పుట్టిన ఈ పలకే ఇవాళ సినిమా గ్రాఫిక్స్‌కూ, కృత్రిమ మేధకూ పనిముట్టు అయింది. సుమారు రెండేళ్లకొకసారి వీటిలో కొత్త తరం వస్తుంది. అది రావడానికి నెలల ముందునుంచే దాని వేగమెంత, ధర ఎంత, పోటీ సంస్థ దానికి ఏ జవాబిస్తుంది అన్న ఊహాగానాలు మొదలై, ఉన్న డబ్బుతో ఇప్పుడే కొనాలా లేక ఇంకో ఆరు నెలలు ఆగాలా అని తేల్చుకోలేని లక్షలమందికి ఆ ఊహాగానాలే ఆధారమవుతాయి.

వేగం, ధర, పోటీ అన్న ఈ మూడింటినీ ఒకే జాబితాలో, ఒకే స్వరంతో, ఒకే రకం నిశ్చయంతో చెప్పడం వాడుకగా మారింది. ఫలానా కార్డు పాతదానికన్నా 30 శాతం వేగమన్న మాటా, దాని ధర వెయ్యి డాలర్లన్న మాటా ఒకే వాక్యంలో పక్కపక్కన నిలుస్తాయి. వ్యాకరణం రెండింటికీ ఒకటే కాబట్టి వాటి జ్ఞానస్థాయి కూడా ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. ఒకటి కనుగొనవలసిన విషయమనీ, రెండోది ఇంకా ఎవరో నిర్ణయించవలసిన విషయమనీ, కనుగొనవలసినదానికి ప్రమాణం ఉండవచ్చు గానీ నిర్ణయించవలసినదానికి నిర్ణయం జరిగేదాకా ప్రమాణం ఉండే వీలు లేదనీ చూపడమే ఈ వ్యాసం చేయదలచిన పని.

న్యాయసూత్రకారుడైన గౌతముడు యథార్థ జ్ఞానానికి నాలుగు సాధనాలు చెప్పాడు: ఇంద్రియాలతో నేరుగా కలిగే ప్రత్యక్షం, ఒక గుర్తును చూసి దానితో విడదీయరాని మరొకదాన్ని తెలుసుకునే అనుమానం, పోలిక ద్వారా కలిగే ఉపమానం, నమ్మదగినవాడి మాట అయిన శబ్దం. ఇక్కడ అనుమానం అంటే తెలుగు వాడుకలోని సందేహం కాదు, హేతువు మీద నిలిచే నిశ్చయజ్ఞానం. రాబోయే కార్డు ప్రత్యక్షానికి అందదు. ఉపమానం ఆ వస్తువు పేరును గుర్తుపట్టడానికి పనికొస్తుందే గానీ దాని శక్తిని కొలవడానికి సరిపోదు. మిగిలినవి అనుమానం, శబ్దం. ఊహాగానమంతా ఈ రెండింటిలో ఏదో ఒకదాని వేషంలోనే వస్తుంది కనుక ఆ రెండింటినీ జాగ్రత్తగా పరీక్షించాలి.

అనుమానాన్ని గౌతముడు మూడు రకాలుగా విభజించాడు. వాటిలో పూర్వవత్తు అన్నది కారణాన్ని చూసి కార్యాన్ని తెలుసుకోవడం, అంటే కమ్ముకున్న మబ్బును చూసి రాబోయే వానను ఊహించడం. గ్రాఫిక్స్ కార్డు వేగాన్ని ముందుగా లెక్కగట్టడం అచ్చంగా ఈ కోవలోకే వస్తుంది. చిప్పులో లెక్కలు చేసే కోర్లు ఎన్ని, అవి సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటాయి, మెమరీనుంచి చిప్పుకు సెకనుకు ఎంత సమాచారం ప్రవహిస్తుంది, ఎంత విద్యుత్తు తాగుతుంది అన్నవి కారణాలు. ఆటలో సెకనుకు ఎన్ని బొమ్మలు కదులుతాయన్నది కార్యం. పైగా ఈ కారణాల్లో మూలమైనవి కార్డు అమ్మకానికి రావడానికి చాలాకాలం ముందే స్థిరపడతాయి. చిప్పు నమూనాను ముగించి ఫ్యాక్టరీకి పంపే ఘట్టాన్ని ఆ రంగంలో టేపౌట్ అంటారు, అది దాటాక కోర్ల సంఖ్యను పెంచడం ఎవరి వల్లా కాదు. కార్యం పుట్టకముందే కారణంలో సూక్ష్మరూపంలో ఉంటుందన్న సాంఖ్యుల సత్కార్యవాదం, కార్యం పుట్టేదాకా లేనే లేదన్న నైయాయికుల అసత్కార్యవాదం వందల ఏళ్లు వాదులాడుకున్నాయి. ఆ వాదంలో ఎవరిది పైచేయి అయినా, టేపౌట్ అయిన చిప్పు వేగం విషయంలో సాంఖ్యుల మాటకు ఎక్కువ బలం కనిపిస్తుంది. ఆ వేగం ఎవరికీ తెలియకపోవచ్చు గానీ, అది సిలికాన్‌లో ఇప్పటికే ఇమిడి ఉంది.

అయితే అనుమానం నిలవాలంటే వ్యాప్తి కావాలి. హేతువు ఉన్న ప్రతిచోటా సాధ్యం, అంటే దాని ద్వారా తెలుసుకోదలచినది, కూడా ఉంటుందన్న తప్పని సంబంధమే వ్యాప్తి. గ్రాఫిక్స్ కార్డుల విషయంలో చాలాకాలం చెలామణీ అయిన వ్యాప్తి ఒకటుంది: ఎన్‌విడియా సంస్థ కార్డుల్లో 80 అంకెతో ముగిసే కొత్త కార్డు, ముందు తరంలోని అన్నిటికన్నా పెద్ద కార్డును మించుతుంది. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1080 అంతకుముందరి 980 టీఐని మించింది. 2020లో ఆర్‌టీఎక్స్ 3080 కార్డు 2080 టీఐని స్పష్టంగా వెనక్కి నెట్టింది. 2022లో 4080 కార్డు 3090 టీఐని దాటింది. ఇన్నిసార్లు చూసిన మనిషి తరువాతి 5080 తప్పకుండా 4090ని దాటుతుందని అనుకోవడంలో వింత లేదు. 2025 జనవరిలో 5080 వచ్చింది, 4090 వెనకే ఆగిపోయింది.

ఈ వైఫల్యాన్ని అదృష్టం మీదికి నెట్టడం తేలిక గానీ, న్యాయశాస్త్రం దగ్గర దీనికి కచ్చితమైన పేరుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్నది సరైన వ్యాప్తి. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందన్నది తప్పుడు వ్యాప్తి, ఎందుకంటే బాగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ ఉండదు. పొగ రావడానికి అసలు కారణం నిప్పు ఒక్కటే కాక దానికి తగిలిన తడికట్టె కూడా. హేతువు వెనక దాగి, పని తాను చేస్తూ, పేరు మాత్రం హేతువుకు ఇచ్చే ఇలాంటి అంశాన్ని ఉపాధి అంటారు. 80 అంకె కార్డుల చరిత్రలో తడికట్టె ఏమిటో వెదికితే వెంటనే దొరుకుతుంది. 980 టీఐ 28 నానోమీటర్ల పద్ధతిలో తయారైతే 1080 కార్డు 16 నానోమీటర్ల పద్ధతిలో తయారైంది. 3080 కోసం సంస్థ 12నుంచి శామ్‌సంగ్ వారి 8 నానోమీటర్లకు మారింది. 4080 కోసం అక్కడినుంచి తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ వారి 4ఎన్ అన్న, 5 నానోమీటర్ల కుటుంబానికి చెందిన పద్ధతికి దూకింది. నానోమీటర్ల అంకెలు ఇవాళ కొలతలకన్నా పేర్లకే దగ్గర, అయినా అవి మారినప్పుడల్లా అదే వైశాల్యంలో ఎక్కువ ట్రాన్సిస్టర్లు, అదే విద్యుత్తుతో ఎక్కువ పని సాధ్యమయ్యాయన్నది నిజం. 5080 మాత్రం మళ్లీ ఆ 4ఎన్ పద్ధతిలోనే తయారైంది. కోర్లు 4080లో 9,728 ఉంటే దీనిలో 10,752 ఉన్నాయి. కొత్త తరం అన్న పేరు ఉంది గానీ, ఆ పేరు వెనక ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాధి లేదు.

దీనిలో మరింత ఆలోచించదగిన సంగతి ఏమిటంటే, హెచ్చరిక ముందే వచ్చింది. 2018 నాటి 2080 కార్డు తన ముందరి 1080 టీఐని మించలేక దాదాపు దానికి సమానంగా నిలిచింది, అప్పుడు పద్ధతి 16నుంచి 12 నానోమీటర్లకు మారడం కొత్త పద్ధతికి వెళ్లడం కాక పాతదాన్నే మెరుగుపరచడం. వ్యాప్తికి వ్యతిరేకమైన ఒక్క ఉదాహరణ, అంటే వ్యభిచారం, కనిపించినా ఆ వ్యాప్తిని వదలాలని తర్కం చెబుతుంది. మార్కెట్టు మాత్రం ఆ ఒక్క తరాన్ని మినహాయింపుగా పక్కన పెట్టి, వ్యాప్తిని అట్టే పెట్టుకుంది. మినహాయింపు దగ్గర ఆగి దానికి కారణమడిగినవాడికి 2025 నాటి ఫలితం ఏడేళ్ల ముందే చూచాయగా తెలిసి ఉండేది. రాబోయే తరాల వేగాన్ని గురించి వాదించేవాళ్లు అడగవలసిన మొదటి ప్రశ్న తయారీ పద్ధతి మారుతోందా అన్నదే. అది తెలిస్తే సగం అనుమానం నిలబడుతుంది.

సగం అనడానికి కారణం బౌద్ధ తార్కికుడైన ధర్మకీర్తి చేసిన సూక్ష్మమైన సవరణలో ఉంది. కారణాన్ని చూసి కార్యాన్ని నిశ్చయించడం ఆయనకు సమ్మతం కాదు, ఎందుకంటే కారణానికీ కార్యానికీ మధ్య ఏదైనా అడ్డు రావచ్చు. సమగ్రమైన కారణసామగ్రిని చూసినవాడు నిశ్చయంగా తెలుసుకోగలిగింది ఆ సామగ్రికి కార్యాన్ని పుట్టించే యోగ్యత ఉందన్నంత వరకే. చిప్పుకు ఫలానా వేగాన్ని ఇచ్చే యోగ్యత ఉండటం వేరు, కొనేవాడి చేతికి ఆ వేగం రావడం వేరు. మధ్యలో సంస్థ నిర్ణయాలుంటాయి. చిప్పులో ఎన్ని భాగాలను పనిచేయనివ్వాలి, ఎన్నిటిని మూసేయాలి, ఎంత విద్యుత్తు దాకా వదలాలి అన్నవి చివరి వారాల్లో కూడా మారతాయి. 2020 జనవరిలో ఎన్‌విడియాకు పోటీ సంస్థ ఏఎండీ తన రేడియాన్ ఆర్‌ఎక్స్ 5600 ఎక్స్‌టీని 279 డాలర్లకు ప్రకటించాక, ఎదుటి పక్షంలో ఆర్‌టీఎక్స్ 2060 ధర 299కి దిగింది. అప్పుడు ఏఎండీ కార్డులో నిక్షిప్తమై దాన్ని నడిపించే చిన్న ప్రోగ్రామును అమ్మకానికి కొద్ది రోజుల ముందు మార్చి, చిప్పు వేగాన్నీ మెమరీ వేగాన్నీ పెంచేసింది. అదే పెట్టె, అదే చిప్పు, వేరే ఫలితం. ధర్మకీర్తి చెప్పిన అడ్డు ఇక్కడ అనుకూలంగా వచ్చింది గానీ, అది ఊహకు అందకపోవడంలో తేడా లేదు.

కారణాలు సరిగా తెలిసినా వాటిని లెక్కించే కొలతే మారిపోయిన సందర్భం కూడా ఉంది. 2020 సెప్టెంబరుకు ముందు ఆర్‌టీఎక్స్ 3090లో 5,248 కోర్లుంటాయని లీకులు చెప్పాయి. సెప్టెంబరు 1న ఎన్‌విడియా ప్రకటించిన సంఖ్య 10,496, అంటే దానికి సరిగ్గా రెట్టింపు. లీకు అబద్ధం కాదు, చిప్పులోని పెద్ద విభాగాల సంఖ్య 82 అన్నది నిజమే. ఒక్కో విభాగం ఒక్కసారి కొట్టుకున్నప్పుడు చేయగల ఒక రకపు లెక్కలను సంస్థ రెట్టింపు చేసిందన్న సంగతి మాత్రం ఆ అంకెలో లేదు. పైగా కోర్లు రెట్టింపయ్యాయని ఆటల్లో వేగమూ రెట్టింపు కాలేదు. చూసినది నిజమైనా దాని అర్థం తెలియనప్పుడు దాన్నుంచి తీసిన నిర్ణయం ఎంత దూరం పోగలదో ఈ ఒక్క అంకె చూపుతుంది.

ఇక శబ్దప్రమాణం. మాట ప్రమాణం కావాలంటే దాన్ని చెప్పేవాడు ఆప్తుడు కావాలి. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరికతో పలికేవాడే ఆప్తుడని న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడు వివరించి, ఆ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా సమానమేనని స్పష్టం చేశాడు. పుట్టుకకు గానీ పదవికి గానీ ఇందులో చోటు లేదు, ఎరుక, నిజాయితీ ఈ రెండే షరతులు. కార్డు తయారు చేసే సంస్థకు మొదటి షరతు నిండుగా ఉంది, రెండోదాని విషయంలోనే చిక్కు. 2025 జనవరి 6న లాస్‌వేగాస్ వేదికమీద ఎన్‌విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070, అంతకుముందు 1,599 డాలర్లకు అమ్మిన 4090 స్థాయి వేగాన్ని ఇస్తుందని ప్రకటించారు. 5070లో కోర్లు 6,144, మెమరీ 12 జీబీ. 4090లో కోర్లు 16,384, మెమరీ 24 జీబీ. ఆ సమానత్వం కృత్రిమ మేధ సాయంతోనే సాధ్యమన్న షరతు మాటలో లేకపోలేదు. ఆ సాయం ఎలాంటిదంటే, కార్డు నిజంగా లెక్కగట్టి గీసిన ప్రతి రెండు బొమ్మల మధ్య, ఆ రెండింటినీ బట్టి ఊహించి గీసిన మూడు బొమ్మల దాకా చొప్పించడం. కళ్లకు కదలిక మెత్తగా కనిపిస్తుంది, కానీ ఆటగాడి చేతి కదలికకు జవాబిచ్చేది లెక్కగట్టిన బొమ్మే తప్ప ఊహించినది కాదు. ఆ సాయాన్ని పక్కనపెట్టి కొలిచినవాళ్లకు 5070 కార్డు 4090కి చాలా దూరంలో, ముందు తరపు 4070 సూపర్‌కు దగ్గరగా కనిపించింది.

ఇది ఒక్క సంస్థకు పరిమితమైన గుణం కాదు. 2022 నవంబరులో ఏఎండీ తన ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్‌ను ప్రకటిస్తూ పాత 6950 ఎక్స్‌టీకన్నా 1.7 రెట్ల దాకా వేగమని చూపింది, డిసెంబరులో కార్డు చేతికి వచ్చాక చాలా ఆటల్లో ఆ స్థాయి కనిపించలేదు. "దాకా" అన్న ఒక్క మాట అబద్ధాన్ని నిజంగా నిలబెట్టగలదు. అమ్మేవాడి మాటను పూర్తిగా తోసిపుచ్చాలని దీని అర్థం కాదు. ట్రాన్సిస్టర్ల సంఖ్య, మెమరీ పరిమాణం, వాట్లు వంటి పరీక్షకు నిలిచే విషయాల్లో తయారీదారు ఆప్తుడే. పోలికల దగ్గరికి వచ్చేసరికే ఆయన ఆప్తత్వం తగ్గుతుంది, పోల్చడంలో ఆయనకు లాభం ఉంది కనుక.

లీకుల స్థితి ఇంతకన్నా క్లిష్టం. చెప్పినవాడెవరో తెలియకుండా "అంటారు" అన్న రూపంలో పరంపరగా వచ్చే మాటను ప్రాచీనులు ఐతిహ్యం అన్నారు. ఫలానా మర్రిచెట్టు మీద యక్షుడున్నాడన్నది దానికి వాళ్లిచ్చిన ఉదాహరణ. ఐతిహ్యాన్ని ప్రత్యేక ప్రమాణంగా ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు గానీ, గౌతముడు దాన్ని శబ్దంలోనే కలిపేశాడు. ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక వ్యాఖ్యలో, ఐతిహ్యమంటే మూలవక్త తెలియని శబ్దమేనని తేల్చాడు. ఈ తీర్పు విలువ గొప్పది. లీకును లీకు అయినందుకు నమ్మనూ కూడదు, కొట్టివేయనూ కూడదు. దాని వెనక ఉన్న వక్త ఎరిగినవాడా, నిజం చెప్పదలచినవాడా అన్నదే చూడాలి. అది తెలియనంతకాలం ఆ మాట విలువ కూడా తెలియనట్టే.

ఇక్కడ మీమాంసకుల వాదం ఒకటి పక్కకు తీసుకెళ్లే ప్రమాదముంది. జ్ఞానం పుట్టినప్పుడే ప్రమాణంగా పుడుతుందనీ, దోషం కనబడితేనే దాన్ని వదలాలనీ చెప్పే స్వతఃప్రామాణ్యవాదం కుమారిలభట్టు మొదలైన వాళ్లది. వేదానికి కర్త లేడు, కర్త లేనిచోట కర్తృదోషం కూడా లేదు, కాబట్టి వేదం ప్రమాణమన్నది దాని పర్యవసానం. లీకులను నమ్మేవాళ్లు తెలియకుండానే ఈ దారిలో నడుస్తారు, ఖండన రానంతకాలం మాట నిజమేనని నడుచుకుంటారు. కానీ లీకుకు కర్త లేకపోవడం లేదు, దాగి ఉన్నాడు. అతడు ఫ్యాక్టరీ ఉద్యోగి కావచ్చు, ధర మీద జనం ఎలా స్పందిస్తారో చూడదలచిన సంస్థే కావచ్చు, ఏమీ తెలియని కల్పకుడూ కావచ్చు. కర్త దాగితే దోషం పోదు, కర్తతోపాటు దోషం కూడా దాగుతుంది. నిజంగా ఎరిగినవాళ్లు, అంటే అమెరికాలోని శాంటా క్లారాలోనో, ఏఎండీ, ఎన్‌విడియా, ఇంటెల్ మూడింటికీ కేంద్రాలున్న మన హైదరాబాద్‌లోనో ఆ చిప్పుల మీద పనిచేసే ఇంజనీర్లు, గోప్యత ఒప్పందాలకు కట్టుబడి నోరు మెదపరు. ఎరిగినవాడి మౌనమే ఎరగనివాడి మాటకు చోటిస్తుంది.

నిప్పు లేనిదే పొగ రాదన్న సామెతను లీకులకు సమర్థనగా వాడటం తరచుగా వినబడుతుంది. సామెతలోని వ్యాప్తి దోషం లేనిదే. తర్కశాస్త్రం అడిగేది దానికి ముందు ప్రశ్న: దూరాన కొండమీద కనిపించేది పొగేనా, లేక మంచూ దుమ్మూ పొగలా కనిపిస్తున్నాయా? హేతువు ఉందో లేదో అన్న సందేహమే తీరనప్పుడు దాన్నుంచి తీసిన నిర్ణయాన్ని అసిద్ధమంటారు. 4090 కార్డు 600 వాట్ల విద్యుత్తు తాగుతుందన్న మాట 2022లో నెలల తరబడి నలిగింది, అక్టోబరులో వచ్చిన కార్డుకు నిర్దేశించిన పరిమితి 450 వాట్లు. ఒకరు చెప్పినదాన్నే పదిమంది తిరిగి చెప్పినప్పుడు పది సాక్ష్యాలు దొరికాయనుకోవడం పొరపాటు. మూలం ఒకటైతే సాక్ష్యం కూడా ఒకటే.

చెప్పేవాడి ధర్మం మీద యోగసూత్రాలకు వ్యాసభాష్యం ఒక గట్టి కొలత పెట్టింది. చూసినదానికీ, ఊహించినదానికీ, విన్నదానికీ అనుగుణంగా మనసూ మాటా ఉండటమే సత్యమనీ, ఆ మాట వంచన గానీ, భ్రాంతి గానీ, వినేవాడికి ఏమీ తెలియజెప్పని గొడ్డుమాట గానీ కాకూడదనీ అది చెబుతుంది. మూడో షరతు ఊహాగానాలకు సూటిగా తగులుతుంది. ఏ ఆటలో, తెరమీద ఎన్ని చుక్కల స్థాయిలో, దేనితో పోల్చి అన్నది చెప్పకుండా 40 శాతం వేగం అనే మాట అబద్ధమైనా కాకపోయినా సత్యం మాత్రం కాదు, దాన్ని విన్నవాడికి ఏ జ్ఞానమూ కలగదు కనుక. విన్నదాన్ని విన్నట్టుగా, ఊహించినదాన్ని ఊహించినట్టుగా విడదీసి చెప్పే రచయితకు తన అంచనా తప్పినా సత్యదోషం అంటదు. రెండింటినీ కలిపి నిశ్చయంగా చెప్పినవాడికి, అంచనా కలిసొచ్చినా ఆ దోషం తప్పదు.

ఇప్పటిదాకా చెప్పినదంతా కనీసం తెలుసుకోదగిన విషయం ఒకటి ఎక్కడో ఉన్నప్పటి సంగతి. ధర దగ్గర ఆ ఆధారం కూడా పోతుంది. దీనికి ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ చరిత్రను మించిన నిదర్శనం దొరకదు. 2025 జనవరిలోనే ఆ కార్డులు దుకాణాలకు చేరడం మొదలైంది. చిప్పు ఉంది, పలక ఉంది, పెట్టె ఉంది, వేగం దానిలో ఉంది. ధర మాత్రం లేదు. 899 డాలర్లన్న మాట ఒకటి వ్యాపిస్తే, ఆ ధర ఎన్నడూ తమ ఆలోచనలో లేదని సంస్థ ప్రతినిధి బహిరంగంగా ఖండించవలసి వచ్చింది. ఫిబ్రవరి 28న 599 డాలర్లని ప్రకటించి మార్చి 6న అమ్మకానికి పెట్టారు. జనవరిలో ఆ పెట్టెను విప్పి భూతద్దంతో చూసినా ధర కనిపించేది కాదు, ఎందుకంటే ధర వస్తువులోని గుణం కాదు, అమ్మేవాడి ఇచ్ఛ. నైయాయికుల భాషలో చెప్పాలంటే, అది పుట్టకముందు దాని ప్రాగభావమే, అంటే పుట్టుకకు ముందుండే లేమి మాత్రమే ఉంది. వేగం దగ్గర సాంఖ్యులకు దక్కిన బలం ధర దగ్గర నైయాయికులకు దక్కుతుంది.

రేపు నౌకాయుద్ధం జరుగుతుందన్న వాక్యం ఇవాళే నిజమో అబద్ధమో అయివుండాలా అని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ అడిగాడు. ఇవాళే నిజమైతే సేనాపతుల ఆలోచనకు అర్థం లేదు, జరగబోయేది ముందే తేలిపోయినట్టే. మనుషులు ఆలోచించి నిర్ణయించే విషయాలు నిర్ణయానికి ముందు తెరిచే ఉంటాయన్నది ఆయన మొగ్గు. ధరను ప్రకటించడం కూడా అలాంటి నిర్ణయమే, పైగా ఎదుటివాడి నిర్ణయాన్ని ఊహించి తీసుకునే నిర్ణయం. 2019 జూన్‌లో ఏఎండీ తన ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీకి 449 డాలర్లని ప్రకటించింది. జూలై 2న ఎన్‌విడియా దానికి జవాబుగా సూపర్ పేరుతో మెరుగుపరిచిన కార్డులను ప్రకటించింది. ఏఎండీ కార్డు జూలై 7న అమ్మకానికి వచ్చేనాటికి దాని ధర 399కి దిగింది. ఆ తగ్గింపు ముందే అనుకున్నదేనని ఆ సంస్థ అధికారి ఒకరు తరువాత సూచించారు. ఆ మాట నిజమైతే, మొదటి ధర ఎదుటివాణ్ని కదిలించడానికి వేసిన ఎత్తు. అప్పుడు 449 అన్నది నిజమా అబద్ధమా అని అడగడంలోనే అర్థం లేదు.

వేదికమీద చెప్పిన ధర కూడా ధర కాకుండా పోవచ్చు. 2022 సెప్టెంబరు 20న ఎన్‌విడియా 12 జీబీ మెమరీతో ఒక ఆర్‌టీఎక్స్ 4080ని 899 డాలర్లకు ప్రకటించింది. అదే పేరుతో వచ్చే 16 జీబీ కార్డులో చిప్పే వేరు కావడంతో విమర్శలు రేగి, అక్టోబరు 14న సంస్థ తన ప్రకటనను వెనక్కి తీసుకుంది. ఆ కార్డే 2023 జనవరిలో 4070 టీఐ అన్న పేరుతో 799 డాలర్లకు వచ్చింది. సెప్టెంబరులో ఆ పేరుకూ ఆ ధరకూ సాక్షాత్తూ తయారీదారు మాటే ప్రమాణం, అంతకన్నా గట్టి శబ్దం ఉండదు. అయినా ఆ పేరుతో ఆ ధరకు ఒక్క కార్డూ అమ్ముడుపోలేదు. ఆ జ్ఞానం తప్పడానికి వినేవాడి దోషం గానీ చెప్పేవాడి అజ్ఞానం గానీ కారణం కాదు. ఇచ్ఛ మారింది, అంతే.

పోటీ పెరిగితే ధర తగ్గుతుందన్నది ఈ చర్చల్లో చివరి ఆశ్రయం. దీన్ని కూడా వ్యాప్తిగా పరీక్షించాలి. ఇంటెల్ 2024 డిసెంబరులో ఆర్క్ బీ580ని 12 జీబీ మెమరీతో 249 డాలర్లకు తెచ్చింది. ఏఎండీ అన్నిటికన్నా పెద్ద కార్డుల పోటీని వదిలి మధ్యస్థాయి కార్డుల మీద నిలిచింది. పోటీదారులు లేరనలేము. కానీ 2025 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఎన్‌విడియా మొత్తం ఆదాయం సుమారు 13,050 కోట్ల డాలర్లయితే, దానిలో ఆటల విభాగం వాటా సుమారు 1,135 కోట్లు, అంటే పదో వంతుకన్నా తక్కువ. 11,500 కోట్లకు పైగా కృత్రిమ మేధ యంత్రాలు నిండిన డేటా సెంటర్ల నుంచి వచ్చింది. పోటీ ధరను దించాలంటే, అమ్మేవాడికి ఆ కొనుగోలుదారుడు పోతాడన్న భయం ఉండాలి. ఆ భయమే ఇక్కడి ఉపాధి. టీఎస్‌ఎంసీలో దొరికే తయారీ సామర్థ్యానికీ, మెమరీ చిప్పులకూ ఆటగాడితో పోటీపడుతున్నది డేటా సెంటరు. 2025 చివరికి మెమరీ ధరలు ఎగబాకి, డిసెంబరులో మైక్రాన్ సంస్థ మామూలు కొనుగోలుదారులకు నేరుగా అమ్మే తన క్రూషియల్ వ్యాపారాన్నే మూసివేస్తున్నట్టు ప్రకటించింది. ఏఎండీ, ఎన్‌విడియా సంస్థల పోరును మాత్రమే చూస్తూ ధరను ఊహించేవాడు, కొనుగోలుదారుల మధ్య నడుస్తున్న అసలు పోటీని చూడటం లేదు. ఈ దశలో ఆటగాళ్ల బాధ న్యాయమైనది. తమ కోసం పుట్టిన వస్తువు తమ చేతికి అందకుండా పోతోందన్న వాళ్ల ఆవేదనను అత్యాశగా తీసిపారేయడం తగదు.

భారతదేశంలో ఇంకో మెట్టు ఉంది. 2025లో 5070 కార్డుకు అమెరికాలో 549 డాలర్లయితే ఇక్కడ సంస్థ ప్రకటించిన ధర 59,000 రూపాయలు, 5080కి 1,07,000, 5090కి 2,14,000. డాలరు మారకం, దిగుమతి ఖర్చులు, 18 శాతం జీఎస్‌టీ, పంపిణీదారుడి లాభం కలిసి సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ దుకాణంలో చెప్పే రేటుగా మారతాయి. అమెరికా ధరను గురించిన లీకును నమ్మి ఇక్కడ ఆగేవాడు ఇంకా పుట్టని ఒక ఇచ్ఛ మీద మరో నాలుగు ఇచ్ఛలను పేర్చి లెక్కిస్తున్నాడు.

ధరను అసలు ఊహించలేమా అన్న ఆక్షేపణకు జవాబు చెప్పాలి. హద్దులను ఊహించవచ్చు. చిప్పు వైశాల్యం, మెమరీ పరిమాణం తెలిస్తే ఇంతకన్నా తక్కువకు అమ్మితే నష్టమన్న కింది గీత దొరుకుతుంది, ముందు తరం అమ్మకాలను చూస్తే పై గీత లీలగా కనిపిస్తుంది. కానీ 3080కి 699 డాలర్లు పెట్టిన సంస్థే దాని తరువాతి 4080కి 1,199 పెట్టి, 2024 జనవరిలో 4080 సూపర్‌ను మళ్లీ 999కి దించింది. కింది గీతకూ పై గీతకూ మధ్య ఉన్న దూరమే కొనేవాడి అసలు ప్రశ్న, ఆ దూరాన్ని ఏ అనుమానమూ తగ్గించలేదు. పైగా ప్రకటించిన ధరకు దుకాణంలో దొరుకుతుందన్న హామీ కూడా లేదు. ఈథీరియం అనే డిజిటల్ నాణేన్ని కార్డులతో తవ్వే పద్ధతి 2022 సెప్టెంబరు 15న ఆగేదాకా, ఆ గిరాకీ కూడా తోడై 699 డాలర్ల 3080ని రెట్టింపు ధరకు కొన్నవాళ్లున్నారు.

కాబట్టి రాబోయే కార్డు గురించి వినేవాడు వేగం మాట వచ్చినప్పుడు తయారీ పద్ధతి మారుతోందా, కోర్లూ మెమరీ ఎంత, చెప్పినవాడు దేన్ని చూసి చెబుతున్నాడు అని అడిగి, సరైన జవాబు దొరికితే ఆ మాటను నమ్మవచ్చు. ధర మాట వచ్చినప్పుడు అలా అడగడానికి కూడా ఏమీ లేదు. అది ఎవరో దాచిన రహస్యం కాదు, ఎవరూ ఇంకా నిర్ణయించని విషయం. ఇవాళ పనికి కార్డు అవసరమై, దుకాణంలో ఉన్నదాని వేగమూ ధరా తన అవసరానికీ స్తోమతుకూ సరిపోయిన మనిషి, పుట్టని ధర కోసం ఆ కొనుగోలును వాయిదా వేయనక్కర్లేదు.